ఒకే టీవీ, నలుగురం: బోర్డ్ గేమ్ తీరులో ఉండే ఫాంటసీ కో-ఆప్ గేమ్ చెప్పండి

#1 తోకచుక్క

అందరికీ నమస్తే. మేం నలుగురు స్నేహితులం. వీలు దొరికినప్పుడల్లా ఒకరింట్లో చేరి ఆడుకుంటాం. ఇన్నాళ్లూ బోర్డ్ గేములే. ఇప్పుడు అదే తీరులో టీవీ మీద ఆడేది ఏదైనా కావాలి. పాచికలు, కార్డులు, ఒకరి తర్వాత ఒకరి వంతు, కత్తులు, మంత్రాలు, గుహల్లో రాక్షసులు... ఇదీ మా రుచి.

అందరం ఒకే జట్టుగా ఆడాలి. మాలో మాకు పోటీ పెట్టేవి వద్దు, ఆ గొడవలు ఇప్పటికే చాలు. టీవీ ఒకటే, దానికి ఒక పీసీ తగిలించి ఉంది. కంట్రోలర్లు రెండే. ఇద్దరికి వీడియో గేములు బొత్తిగా కొత్త. ఒక స్టిక్‌తో నడుస్తూ ఇంకో స్టిక్‌తో చూపు తిప్పమంటే గోడకేసి నడుస్తూ ఉంటారు. ఇంకొకడికి ఓపిక తక్కువ. తన వంతు రావడం కాస్త ఆలస్యమైతే చాలు, జేబులోంచి ఫోన్ బయటికొస్తుంది.

జాబితాలు చాలా చూశాను. ప్రతిదాని మీదా "కో-ఆప్" (ఒకే జట్టుగా కలిసి ఆడేది) అనే ఉంటుంది. తీరా చూస్తే నలుగురికీ నాలుగు కంప్యూటర్లు, నాలుగు కాపీలు కావాలి.

#2 అర్ధప్రాణం

బాల్డర్స్ గేట్ 3. థ్రెడ్‌కి తాళం వేసేయండి.

#3 సోఫా_సేనాని

తాళం అప్పుడే వద్దు బ్రో. బాల్డర్స్ గేట్ 3లో నలుగురు అన్నది ఆన్‌లైన్ లెక్క. ఒకే తెర మీద స్ప్లిట్ స్క్రీన్‌లో ఇద్దరే. ఆయన అడిగింది ఒక టీవీ ముందు నలుగురికి.

తోకచుక్క గారూ, స్టోర్ పేజీలో "కో-ఆప్" అన్న మాట చూసి ఆగొద్దు. "ఆన్‌లైన్ కో-ఆప్", "లోకల్ కో-ఆప్" అని విడివిడిగా రాస్తారు, మీకు కావలసింది రెండోది. అందులోనూ రకాలున్నాయి. తెర చీల్చుకుని ఎవరి కంట్రోలర్‌తో వాళ్లు ఆడేవి. ఒకే కంట్రోలర్ చేతులు మారేవి. ఈ మధ్య వచ్చిన మూడో రకంలో అందరి ఫోన్లే కంట్రోలర్లు. కొత్తవాళ్లకి ఏ చిక్కూ లేనిది రెండోదే. తన వంతు వచ్చినప్పుడు తీరిగ్గా ఆలోచించి నొక్కడమే, వేగం అక్కర్లేదు.

#4 గదాధరుడు

తోకచుక్క గారూ, పేర్లలోకి వెళ్లేముందు ఒక ప్రశ్న. బోర్డ్ గేములు ఆడేటప్పుడు "నువ్వు అటు జరుగు, నువ్వు ఆ కార్డు వెయ్యి, నువ్వు ఆగు" అంటూ అందరి వంతులూ తనే ఆడేసే మనిషి మీలో ఉన్నాడా? ఉంటే మీ జాబితా మొత్తం మారిపోతుంది.

గ్రాఫిక్స్, కథ, రేటింగ్ అన్నీ తర్వాత. ఒకే గదిలో కూర్చుని ఆడే ఆటలో నేను చూసేది రెండే. వంతు లేనివాడు ఆ కాసేపు ఏం చేస్తుంటాడు? నోరున్నవాడిని ఆట ఎలా అదుపులో పెడుతుంది? ఈ రెండూ తేలకుండా ఎంత గొప్ప గేమ్ తెచ్చినా నాలుగో వారానికి ఇద్దరు ఆడుతుంటే ఇద్దరు చూస్తుంటారు.

రెండోదాన్ని బోర్డ్ గేమ్ వాళ్లు ఆల్ఫా ప్లేయర్ సమస్య అంటారు. మేం పెత్తందారు అంటాం. సమాచారమంతా అందరి ముందూ పరిచి ఉండి, అదృష్టానికి చోటు తక్కువగా ఉంటే పెత్తందారుకి పండగే. బాగా తెలిసినవాడు లెక్క కట్టేస్తాడు, మిగతావాళ్లు చేతులు మాత్రమే అవుతారు. దీన్ని విరిచే మార్గాలు కొన్నే. ఎవరి చేతిలో ఏముందో మిగతావాళ్లకి కనపడకూడదు, లేదా పాచిక తరచూ పథకాన్ని తలకిందులు చెయ్యాలి, లేదా ఎవరి డబ్బు, ఎవరి స్వార్థం వాళ్లకి ఉండాలి.

#5 తోకచుక్క

ఉన్నాడండీ. ఈ థ్రెడ్ కూడా చదువుతాడు కాబట్టి ఇంతకంటే చెప్పను.

#6 అర్ధప్రాణం

చదువుతున్న పెత్తందారు గారికి నమస్కారం 🙏

#7 సోఫా_సేనాని

అలాగైతే నా ఓటు ఫర్ ది కింగ్‌కి. 2018లో వచ్చింది. ఒకే పీసీ మీద ముగ్గురు దాకా ఆడొచ్చు, ఒక కంట్రోలర్ చేతులు మారితే చాలు. ముగ్గురే అన్నది మీకు ఒక లోటు, దాని సంగతి చివర్లో.

నేల మొత్తం షట్కోణాల గళ్లు, దాని మీద బొమ్మల్లాంటి మనుషులు. వంతు రాగానే పాచిక పడినన్ని గళ్లు నడుస్తావు. రాజుని ఎవరో చంపేశారు, రాణి జనాన్ని సాయం అడుగుతోంది. సైన్యం చేతులెత్తేసింది కాబట్టి బయల్దేరేది మామూలు మనుషులు: కమ్మరి, వేటగాడు, పండితుడు, పాటలు పాడుకునే వాడు. ఆ చివరివాడి ఆయుధం వీణలాంటి వాయిద్యమే. కొత్తవాళ్లకి ఇది మొదటి నిమిషంలోనే నచ్చేస్తుంది.

గదాధరుడు గారి పరీక్షకి పెడితే: బంగారం ఎవరిది వాళ్లదే, ఎవరు ఎత్తుకున్న వస్తువు వాళ్ల సంచిలోకే. జట్టు విడిపోయి తిరగొచ్చు, కానీ దగ్గర్లో లేనివాడు యుద్ధంలోకి రాలేడు. "నాకు ఆ ఊళ్లో మందు కొనుక్కోవాలి" అని ఒకడు పక్కకి పోయాడంటే మిగిలిన ఇద్దరూ పొదలోంచి వచ్చిన రాక్షసుడితో ఒంటరిగా తలపడాలి. తిట్టుకోవడానికి బోలెడు అవకాశం, అయినా ప్రాణాలు మాత్రం ఉమ్మడి. పడిపోయినవాళ్లని లేపే అవకాశాల సంఖ్య జట్టు మొత్తానికీ కలిపి ఒకటే.

ఇక నాలుగో మనిషి. మేం ముగ్గురు పాత్రల్ని నలుగురం వంతులేసుకుని ఆడాం, ఒక్కో ఊరు చేరగానే ఒకరు దిగి ఇంకొకరు ఎక్కడం. బలవంతపు సర్దుబాటే, కాదనను. రెండో భాగం 2023లో వచ్చింది, అందులో జట్టు నలుగురిది. తీసుకునేముందు మీరు ఆడే మెషీన్‌లో లోకల్ కో-ఆప్ ఉందో లేదో స్టోర్ పేజీలో ఒకసారి చూసుకోండి.

#8 లెక్కల_మాస్టారు

ఫర్ ది కింగ్‌లో నాకు నచ్చేది ఫోకస్, అంటే పాచికని మనవైపు తిప్పుకోవడానికి ఖర్చుపెట్టే పాయింట్లు. దాన్ని కొత్తవాళ్లకి మొదటిరోజే చెప్పాలి, లేకపోతే "ఈ ఆట మోసం చేస్తోంది" అంటారు.

ఏ పని చేసినా కొన్ని గుర్తులు వరసగా తిరుగుతాయి, ఒక్కోదానికీ పడే అవకాశం శాతంలో ఉంటుంది. మూడు గుర్తులు, ఒక్కోటి 70 శాతం అనుకోండి. మనిషి కంటికి 70 అంటే పడిపోతుందిలే అనిపిస్తుంది. కానీ మూడూ పడాలంటే 0.7ని మూడుసార్లు గుణించాలి, వచ్చేది 34 శాతమే. ఒక ఫోకస్ పెడితే ఒక గుర్తు ఖాయం, అప్పుడు 49. రెండు పెడితే 70. అంటే మొదటి ఫోకస్ పెంచింది 15, రెండోది 21, మూడోది మిగిలిన 30. కాబట్టి తలా కాస్త చల్లడం కంటే, నిజంగా తప్పకూడని ఒక్క దెబ్బకి గుమ్మరించడమే లాభం. దాన్ని తిరిగి నింపుకోవడం అంత తేలిక కాదు, అందుకే ఎక్కడ వాడాలన్నదే అసలు ఆట.

ఇంకోటి. 95 శాతం అని తెర మీద కనపడితే అందరూ ముందే చప్పట్లు కొడతారు. అలాంటి 95లు వరసగా 14 వేస్తే వాటిలో కనీసం ఒకటైనా తప్పే అవకాశం సగానికి పైనే. నలుగురు కూర్చుని ఒక సాయంత్రం ఆడితే అన్ని పాచికలు పడనే పడతాయి. తప్పినప్పుడు కంట్రోలర్ పట్టుకున్నవాడిని తిట్టకండి.

#9 నిశాచరి

అందరూ ఫర్ ది కింగ్ అంటున్నారు గానీ దాని చేదు చెప్పట్లేదు. జట్టు మొత్తం పోతే ఆట అయిపోయినట్టే, మళ్లీ మొదటినుంచి. లోర్ అని కొంత మిగులుతుంది, దాంతో కొత్త పాత్రలూ వస్తువులూ తెరుచుకుంటాయి, నిజమే. కానీ కొన్ని సాయంత్రాలు పెంచుకున్న మనిషి పోతే కొంతమంది తట్టుకోలేరు. మీవాళ్ల సంగతి మీకు తెలియాలి. మొదట్లో అప్రెంటిస్ స్థాయి మీదే ఆడండి, పరువు కోసం పైదానికి పోకండి.

కథ, పాత్రలు కావాలంటే డివినిటీ: ఒరిజినల్ సిన్ 2 చూడండి, 2017 నాటిది. ఇక్కడా ఒక తెర మీద ఇద్దరే. కానీ జట్టులో నలుగురు ఉంటారు కాబట్టి ఒక్కో కంట్రోలర్‌కి ఇద్దరు పాత్రలు, యుద్ధం మొదలవగానే ఎవరి పాత్ర వంతు వస్తే వాళ్ల చేతికి కంట్రోలర్. మేం ఆడింది ఇలాగే. ఇద్దరూ దగ్గర్లో నడుస్తుంటే తెర ఒకటిగా ఉంటుంది, దూరమవగానే రెండుగా చీలుతుంది. అది చూడటానికే బాగుంటుంది.

నేల మీద ఏం పారితే అది ఆయుధం. నూనె మీద నిప్పు పడితే మంట, నీళ్లలో మెరుపు పడితే నిలబడ్డవాళ్లందరికీ షాక్. అందులో మనవాళ్లు కూడా! ఫేన్ అని అస్థిపంజరం పాత్ర ఉంటుంది. అతనికి విషం మందు, మందు విషం. కొత్తగా వచ్చిన మనిషి ప్రేమగా వైద్యం మంత్రం వేసి అతన్నే పడగొట్టడం ప్రతి జట్టులోనూ జరిగే సంగతే.

#10 పాత_పలక

మీరంతా కుర్రాళ్లు కాబట్టి ఇది చెప్పేవాళ్లు లేరు. పాచికల ఆటల్లో అసలు మజా ఎదురుగా ఒక మనిషి కూర్చుని కథ నడిపితేనే. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చినప్పటి నుంచీ దాని ప్రాణం ఆ నడిపించేవాడే. కంప్యూటర్‌లో ఆ ముచ్చట తీర్చింది 2002 నాటి నెవర్‌వింటర్ నైట్స్. అందులో డీఎం (డంజన్ మాస్టర్, అంటే కథ నడిపించేవాడు) క్లయింట్ అని విడిగా ఉండేది. ఒకాయన దేవుడిలా పైనుంచి చూస్తూ, అప్పటికప్పుడు రాక్షసుల్ని దింపుతూ, ఊళ్లో మనుషుల నోట్లోంచి తనే మాట్లాడుతూ ఉండొచ్చు. నిశాచరి గారు చెప్పిన డివినిటీ 2లో కూడా గేమ్ మాస్టర్ మోడ్ ఉంది, నడిపేవాడు ఒకడు, ఆడేవాళ్లు నలుగురి దాకా.

తోకచుక్క గారి పెత్తందారుని ఆ కుర్చీలో కూర్చోబెట్టండి. అందరి మీదా అధికారం అధికారికంగా ఇచ్చేస్తే ఇక పెత్తనం చెయ్యాల్సిన పని ఉండదు.

#11 సోఫా_సేనాని

> పెత్తందారుని ఆ కుర్చీలో కూర్చోబెట్టండి

సలహా బంగారం పెద్దాయనా, కానీ ఆ రెండిటిలోనూ ఎవరి కంప్యూటర్ వాళ్లకుండాలి. ఇక్కడ టీవీ ఒకటే.

#12 పాత_పలక

టీవీ ఒకటే అయితే దాన్ని ఆపేసి కాగితం, పెన్సిలు తీసుకోండి.

#13 మోడరేటర్

కాగితం–పెన్సిలు చర్చకి వేరే విభాగం ఉంది. పాత_పలక గారూ, అక్కడ మీ రాక కోసం ఎదురుచూస్తున్నారు. ఇక్కడ టీవీ సంగతే.

#14 కొత్తగా_వచ్చా

గ్లూమ్‌హేవన్ ఎవరూ చెప్పలేదేంటి? బోర్డ్ గేమ్ తీరు అంటే అదే కదా. డబ్బా పది కిలోల దాకా బరువు ఉంటుందని విన్నాను, డిజిటల్ అయితే ఆ సర్దుడు అంతా పోతుంది.

#15 గదాధరుడు

నేను కావాలనే చెప్పలేదు. కారణం రాస్తాను, ఎందుకంటే అది నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆట.

ఐజాక్ చిల్‌డ్రెస్ చేసిన బోర్డ్ గేమ్ 2017లో వచ్చింది. డిజిటల్ రూపం 2019లో ఎర్లీ యాక్సెస్‌గా (పూర్తికాకముందే అమ్మకానికి పెట్టి) మొదలై 2021 అక్టోబరులో పూర్తయింది. మీరన్నట్టు బొమ్మలు సర్దడం, రాక్షసుల లెక్కలు రాసుకోవడం, చివర్లో అన్నీ డబ్బాలో కుక్కడం మొత్తం పోయింది. కథలో 95 ఘట్టాలు, 17 రకాల యోధులు. దాని పైన గిల్డ్‌మాస్టర్ అని ఇంకో మోడ్.

ఇందులో పాచిక లేదు. వంతుకి రెండు కార్డులు తీస్తావు, ఒకదాని పైసగం, రెండోదాని కిందిసగం వాడతావు. ఆ కార్డు మీదున్న అంకె నీ వేగం. కార్డులే నీ ఆయుష్షు కూడా. బ్రూట్ అనే యోధుడికి పది, స్పెల్‌వీవర్ అనే మంత్రగత్తెకి ఎనిమిదే. విశ్రాంతి తీసుకున్న ప్రతిసారీ ఒకటి పోతుంది. గొప్ప దెబ్బలు చాలావరకు వాడగానే పోయేవే. అన్నీ అయిపోతే ఒంటి మీద గాయం లేకపోయినా నువ్వు ఆ ఘట్టంలో ఉండవు. అందుకే దాన్ని ఆడుతుంటే గెలుస్తున్నప్పుడు కూడా గుండె దడదడలాడుతుంది.

అసలు బోర్డ్ మీద పెత్తందారుకి కళ్లెం ఏమిటంటే, నీ కార్డు పేరు గానీ దాని మీది అంకెలు గానీ బయటికి చెప్పకూడదన్న నియమం. "నేను త్వరగా వెళ్తా", "దగ్గరున్నవాణ్ణి కొడతా" – అంతవరకే. డిజిటల్‌లో నలుగురు ఆన్‌లైన్‌లో ఎవరి తెర ముందు వాళ్లుంటే ఇది బాగానే నడుస్తుంది. కానీ ఒకే టీవీ ముందు కూర్చుంటే నాలుగు చేతుల కార్డులూ అందరికీ కనపడతాయి. ఒకే మనిషి నలుగురు యోధుల్నీ నడిపే ఏర్పాటు ఉంది కాబట్టి మీరు పంచుకుని ఆడొచ్చు. కానీ ఆ క్షణం నుంచి అది నలుగురి ఆట కాదు, ఒక పెత్తందారు, ముగ్గురు సలహాదారుల ఆట. పైగా ఓపిక లేనివాడు ఉన్నాడన్నారు. ఆలోచించి ఆలోచించి వేసే ఆట ఇది, ఒక రౌండ్ ఎంతసేపైనా పట్టొచ్చు.

ఇద్దరే ఆడితే మాత్రం, ఇద్దరూ సమ ఉజ్జీలైతే, దీనికి సాటి లేదు.

#16 నిశాచరి

ఈ చివరి వాక్యానికి వంద లైకులు.

#17 కొత్తగా_వచ్చా

అర్థమైంది అన్నా. అయితే కార్డులు ఎవరివి వాళ్లకే కనపడేలా, టీవీ ఒకటే ఉండేలా ఏదీ లేదా?

#18 సోఫా_సేనాని

ఉంది. సండర్‌ఫోక్. 2025 ఏప్రిల్‌లో వచ్చింది. పైన మూడో రకం అన్నది దీని గురించే. బోర్డ్ గేమ్ రాత్రుల మీద మనసుపడి కట్టినట్టే ఉంటుంది.

యుద్ధభూమి టీవీ మీద, నీ కార్డులు నీ ఫోన్‌లో. ఫోన్ మీద వేలు జరిపితే టీవీలో నీ మనిషి కదులుతాడు. కాపీ ఒకటి చాలు, మిగతావాళ్లు ఫోన్‌లో ఉచిత యాప్ దింపుకుంటే సరి. నలుగురి దాకా ఆడొచ్చు. యోధులు ఆరు రకాలు, అందరూ జంతువుల రూపాల్లోని వీరులు. కథంతా ఒకే గొంతు చెబుతుంది, ఊళ్లో ప్రతి మనిషికీ ఆ గొంతే యాస మార్చుకుంటుంది, అచ్చం నడిపించే మనిషి ఎదురుగా కూర్చున్నట్టు. పాత_పలక గారికి సగం ముచ్చట ఇక్కడ తీరుతుంది.

మీ ఇద్దరు కొత్తవాళ్లకి కంట్రోలరే అక్కర్లేదు. మీ పెత్తందారుకి పక్కవాడి ఫోన్ కనపడదు. "నీ దగ్గర ఏమున్నాయి?" అని అడగాల్సిందే, ఎదుటివాడు చెప్పాల్సిందే. అంత చిన్న తేడాతో గదిలో మాటలు పెరుగుతాయి.

#19 నిశాచరి

అన్నా, ఓపిక లేనివాడి చేతిలో ఫోన్ పెట్టి ఆడిస్తారా? ఆయన మొదటి పోస్టులోనే "జేబులోంచి ఫోన్ బయటికొస్తుంది" అన్నాడు. ఇక్కడ ముందే బయట ఉంటుంది. పైన ఏదో మెసేజ్ మెరుస్తుంది, అంతే, మనిషి మాయం.

#20 సోఫా_సేనాని

నోటిఫికేషన్లు ఆపే బటన్ ప్రతి ఫోన్‌లో ఉంటుంది మేడమ్. దానికంటే ముఖ్యమైనది, వేరేవాళ్ల వంతు నడుస్తున్నప్పుడు నీ కార్డులు నువ్వు చదువుకోవచ్చు. కంట్రోలర్ చేతులు మారే ఆటల్లో ఆ వీలు లేదు, తెర మీద వంతు ఎవరిదైతే వాళ్ల సామగ్రే కనపడుతుంది. ఖాళీగా ఉన్నవాడికి ఏ పనీ లేకపోతేనే ఫోన్ తీస్తాడు.

#21 నిశాచరి

చెప్పినంత తేలిక కాదు. అందరూ తల దించుకుని ఎవరి ఫోన్ వాళ్లు చూస్తుంటే కలిసి ఆడుతున్నట్టు నాకు అనిపించదు. టీవీ వైపు నలుగురి కళ్లూ ఒకేసారి తిరగడం, పాచిక ఆగేలోపు అందరూ ఒకేసారి అరవడం... నాకు ఆట అంటే అది. ఇది నా రుచి, వాదన కాదు.

#22 అర్ధప్రాణం

నేను మళ్లీ బాల్డర్స్ గేట్ 3 అనే అంటాను. స్ప్లిట్ స్క్రీన్ ఇద్దరికే, ఒప్పుకున్నా. నిశాచరి గారి పద్ధతిలో నలుగురు పాత్రల్ని పంచుకోండి. పీసీలో స్ప్లిట్ స్క్రీన్ కంట్రోలర్లతోనే, మీకు రెండూ ఉన్నాయి. యుద్ధంలో వరసగా వచ్చే మనవాళ్ల వంతులు ఒకేసారి తెరుచుకుంటాయి, ఎవరు ముందు కదలాలో మీ ఇష్టం. కాబట్టి ఎదురుచూపు తగ్గుతుంది.

రెండు చిట్కాలు. మంత్రగాడు ఎవకేషన్ శాఖ తీసుకుంటే రెండో లెవెల్ నుంచి అతని నిప్పుబంతుల లాంటివి మనవాళ్లని వదిలేస్తాయి. స్నేహాలు నిలబడాలంటే ఇదొక్కటే దారి. రెండోది, సెట్టింగుల్లో కార్మిక్ డైస్ అని ఉంటుంది, మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది. వరస ఓటములు గానీ వరస గెలుపులు గానీ రాకుండా పాచికని సర్దుతుంది. నిజమైన పాచిక కావాలంటే ఆపేయండి.

#23 లెక్కల_మాస్టారు

ఆపేయండి అని నేనూ అంటాను, కానీ కొత్తవాళ్లున్నప్పుడు ఉంచండి. వరసగా తప్పుతుంటే వాళ్లు తమకి ఆట రాదనుకుంటారు.

అడ్వాంటేజ్ అనే మాట వస్తుంది, అది అర్థం చేయించండి. ఇరవై ముఖాల పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం. 11 గానీ పైన గానీ రావాల్సిన చోట 50 శాతం కాస్తా 75 అవుతుంది. రెండూ 1 పడే అవకాశం 400లో ఒకటి. అది పడ్డ రాత్రి మావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

#24 గదాధరుడు

అర్ధప్రాణం, ఆట గొప్పదే, ఎవరూ కాదనరు. కానీ అది పూర్తవ్వాలంటే వంద గంటల దాకా పడుతుంది. అప్పుడప్పుడు చేరే నలుగురికి అది ఎన్ని నెలల పనో ఆలోచించు. పైగా సంభాషణలు చాలా ఎక్కువ. మాట్లాడేది ఒకడు, వినేది ముగ్గురు. యుద్ధం లేని గంట గడిస్తే పాత్ర చేతిలో లేని ఇద్దరూ ప్రేక్షకులే. సోఫా దూరం నుంచి ఆ అక్షరాలు చదవడం ఇంకో కష్టం. ఫాంట్ సైజు పెంచే సెట్టింగ్ ఉన్న ఆటలైనా మొదట ఒకసారి మీ టీవీ మీద, మీరు కూర్చునే చోటి నుంచి చూసుకోవాలి.

చిన్న ముక్కలుగా ముగిసే ఆటలు మీలాంటి జట్లకి మేలు. ఒక కూర్చోవడంలో ఒక ఘట్టం పూర్తవ్వాలి. ఒకడు రాకపోయినా తర్వాతి వారం కథ తెగకూడదు. ఆ లెక్కన వైల్డర్‌మిత్ కూడా చూడొచ్చు, 2021 నాటిది. కాగితం కత్తిరించి నిలబెట్టినట్టుండే బొమ్మలు, కథలు కామిక్ పుటల్లా వస్తాయి. వీరులు ఏళ్ల తరబడి బతుకుతారు, ముసలివాళ్లవుతారు, పిల్లలు ఆయుధం అందుకుంటారు. తలా ఒకరిద్దరు వీరుల్ని పంచుకుంటే "మావాడి కూతురు", "మీ ముసలాయన" అనే మాటలు మొదలవుతాయి. మా జట్టులో పెత్తందారు నోరు మూతపడ్డది ఆ ఆటలోనే. పక్కవాడి కూతురి పెళ్లి సంగతిలో సలహా ఇవ్వడానికి వాడికీ మొహమాటం వేసింది.

#25 పాత_పలక

దూరంగా ఉండే స్నేహితుడి మాట కూడా చెప్పండి ఎవరైనా. ఏదో ఒకరోజు ఒకడు ఊళ్లో ఉండడు.

#26 సోఫా_సేనాని

పీసీ గేములు అమ్మే స్టీమ్‌లో రిమోట్ ప్లే టుగెదర్ ఉంది, 2019 నుంచి. లోకల్ కో-ఆప్ ఉన్న గేమ్ మీ పీసీలో నడుస్తుంది, దూరంగా ఉన్నవాడికి తెర చేరుతుంది, వాడి కంట్రోలర్ మీ గదిలో ఉన్నట్టే పనిచేస్తుంది. గేమ్ మీ దగ్గరుంటే చాలు. వంతులవారీ ఆటలు కాబట్టి కాస్త ఆలస్యంగా అందినా నష్టం లేదు. మీ ఇంటి అప్‌లోడ్ వేగం మాత్రం బాగుండాలి.

#27 తోకచుక్క

అందరికీ చాలా థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. ఫర్ ది కింగ్‌తో మొదలుపెట్టాం, అప్రెంటిస్ మీదే. సోఫా_సేనాని గారి పద్ధతిలో ఊరు చేరగానే ఒకరు దిగి ఒకరు ఎక్కాం.

ఏమైందంటే, పెత్తందారు (చదువుతున్నాడు, హాయ్) మొదటి అరగంట అందరికీ దారి చెప్పాడు. తర్వాత కమ్మరి సొంత బంగారంతో శిరస్త్రాణం కొనుక్కుని "నా డబ్బు నా ఇష్టం" అనేసింది. ఆ తర్వాత వాడి పథకం వరసగా మూడు పాచికలకి చెడింది. మాస్టారు గారు చెప్పిన 34 శాతం సంగతి వాడికి ఫోన్‌లో చూపించాను. ఓపిక లేనివాడు మాత్రం మారలేదు. పాటగాడు తన చేతిలో ఉన్నంతసేపు లేచి నిలబడి ఆడాడు, దిగగానే ఫోన్. కాబట్టి నలుగురికీ ఎప్పుడూ పాత్ర ఉండే ఆట కావాల్సిందే. సండర్‌ఫోక్ తీసుకుందామని మెజారిటీ. నిశాచరి గారి అభ్యంతరం చదివి వినిపించాను. "ఎలాగూ వాడి చేతిలో ఫోన్ ఉంటుంది, అందులో ఆటైనా ఉండనీ" అన్నారు.

జట్టు మాత్రం పోయింది, చివరికి. ఒకామె నిజంగానే బాధపడింది.

#28 నిశాచరి

ఆమెకి డివినిటీ చూపించండి, అందులో సేవ్ చేసుకోవచ్చు.

#29 కొత్తగా_వచ్చా

థ్రెడ్ పక్కదారి పట్టిస్తున్నందుకు ఏమనుకోకండి. మేం ఇద్దరమే, ప్లేస్టేషన్ 5. పాచికలు లేకపోయినా పర్లేదు. బాల్డర్స్ గేట్ 3 పెద్దదైతే ముందు ఏది?

#30 గదాధరుడు

ఇద్దరే అయితే మొదటి డివినిటీ: ఒరిజినల్ సిన్ ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ చూడు. కథ మొదటినుంచీ ఇద్దరు నాయకుల కోసమే రాశారు. సంభాషణలో ఇద్దరి అభిప్రాయం కలవకపోతే రాయి–కాగితం–కత్తెర ఆడి తేల్చుకోవాలి, ఆటలోనే. రెండో భాగంలో అది తీసేశారు, నాకు ఇప్పటికీ బాధే. ప్లేస్టేషన్ 4 వెర్షన్, 5లో నడుస్తుంది.

వంతులు వద్దు, పరిగెత్తి కొట్టాలి అంటే చిల్డ్రన్ ఆఫ్ మోర్టా. ఒక కుటుంబం మొత్తం యోధులే, ఒకే తెర మీద ఇద్దరు ఆడొచ్చు.

#31 అర్ధప్రాణం

రాయి–కాగితం–కత్తెరలో కూడా మావాడు "నువ్వు కాగితం వెయ్యి" అని చెబుతాడు.

#32 మోడరేటర్

థ్రెడ్ తెరిచే ఉంచుతున్నా. ఇద్దరు ఆడేవాటికి విడిగా ఒకటి మొదలుపెట్టాను, #29, #30 అక్కడికి కాపీ చేశాను. తోకచుక్క గారూ, సండర్‌ఫోక్ ఆడాక టీవీకి ఎంత దూరంలో కూర్చున్నారో, అక్షరాలు కనపడ్డాయో లేదో తప్పకుండా రాయండి. అదే ప్రశ్న ఇప్పటికే ఇంకొందరు అడుగుతున్నారు.